తలుపు దగ్గర చెవి పెట్టండి

కిందటి సంచికలో కారు బ్యాటరీ గురించి రాశాను కదా, ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే వస్తాయనుకున్నాను. సగానికి పైగా రిమోట్ మీద వచ్చాయి. నొక్కితే తెరుచుకోవట్లేదు, పక్కకెళ్లి నిలబడితేగానీ పలకట్లేదు, ఒక్క తలుపు మొండికేసింది, ప్యాంటుతో పాటు రిమోట్ కూడా ఉతికేశాం... ఇలా. 26 ఏళ్లుగా కార్ల వైరింగ్ పని చేస్తున్నాను, ఈమధ్య రోజూ ఏదో ఒక తాళం గొడవ లేకుండా షెడ్డు మూయడం లేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ముందు ఒక మాట. రిమోట్ చెబుతుంది, కారు వింటుంది, తలుపులో మోటారు పని చేస్తుంది. ఈ ముగ్గురిలో ఎవరు పని ఎగ్గొట్టారో చూడకుండా చేతిలో ఉంది కదా అని రిమోట్‌నే తిడతాం. బటన్ నొక్కేటప్పుడు తలుపు దగ్గర చెవి పెట్టండి. ‘టక్’మని వినిపించిందా? ఇండికేటర్లు వెలిగి ఆరాయా? రెండూ లేవా? ఉత్తరంలో ఈ ఒక్క వివరం ఉంటే నా పని సగం అయిపోయినట్టే. ఈ నెల అది రాసినవాళ్లు ఇద్దరే ఇద్దరు.

ప్రశ్న: మాస్టారూ, రిమోట్‌లో కొత్త సెల్ వేశాను. ఎర్ర లైటు చక్కగా వెలుగుతోంది. కారు మాత్రం ఉలకదు, పలకదు. సర్వీస్ సెంటర్‌లో రిమోట్ మొత్తం మార్చాలంటున్నారు. మార్చమంటారా? – ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీ ఉత్తరంలో రెండు విషయాలు లేవు. రెండో కీ సంగతేమిటో రాయలేదు. డ్రైవర్ తలుపు లోపలి వైపు ఉండే లాక్ స్విచ్ నొక్కితే తలుపులు పడుతున్నాయో లేదో రాయలేదు. ఈ రెండూ చూడకుండా రిమోట్ మార్చమన్న మనిషి దగ్గరికి నేనైతే మళ్లీ వెళ్లను.

లోపలి స్విచ్‌తో నాలుగు తలుపులూ పడుతున్నాయంటే తాళాల మోటార్లూ వాటి ఫ్యూజూ బాగున్నట్టే. దానితో కూడా పడట్లేదంటే పాపం రిమోట్‌ని వదిలేయండి, ఫ్యూజుల డబ్బా తెరవండి. కొన్ని బండ్లలో సెంట్రల్ లాకింగ్ ఫ్యూజు మీదే లోపలి లైటో ఇంకోటో కూడా నడుస్తుంది. అదీ వెలగకపోతే దొంగ దొరికినట్టే. ఏ ఫ్యూజు దేనిదో మూత లోపలి వైపో, మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది.

ఇక రెండో కీ. అది పనిచేస్తే కారు బాగానే వింటోంది, తప్పు మొదటి రిమోట్‌ది. రెండూ పనిచేయకపోతే కారు వైపు చూడాలి. ఇక్కడొక మెలిక ఉంది. బీరువాలో అయిదేళ్లుగా పడి ఉన్న రెండో కీలో సెల్ కూడా అయిదేళ్లదే. దాన్ని అలాగే తెచ్చి నొక్కి, ‘రెండూ పనిచేయట్లేదు కాబట్టి లోపం కారులోనే’ అని తేల్చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకణ్ని. పని నేర్చుకున్న కొత్తల్లో ఒకాయన కారు డ్యాష్‌బోర్డు సగం విప్పేసి, కంట్రోల్ బాక్సు బయటికి లాగి, కనెక్టర్లన్నీ తుడిచి పెట్టాను. సాయంత్రం టీ తెచ్చిన కుర్రాడు ‘అన్నా, ఆ రెండో తాళంలో సెల్ మార్చి చూశావా?’ అన్నాడు. మార్చాను. నొక్కాను. నాలుగు తలుపులూ ఒక్కసారే ‘టక్’మన్నాయి. డ్యాష్‌బోర్డు మళ్లీ బిగించేసరికి రాత్రి పదకొండయింది. ఆ కుర్రాడికి ఇప్పుడు సొంత షెడ్డు ఉంది.

సరే, మీ కొత్త సెల్ దగ్గరికి వద్దాం. దాని మీద నంబరు చదవండి. 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 అయితే వెడల్పు అదే, మందం 2.5. రెండూ 3 వోల్టులే. అందుకే దొరికింది కదా అని ఒకదాని బదులు ఇంకోటి వేసేస్తారు. పలచటి సెల్ గూట్లో కూర్చున్నట్టే కనిపిస్తుంది గానీ పై రేకుకు తగిలీ తగలనట్టు ఉంటుంది. ఒకాయన తెచ్చిన రిమోట్ విప్పితే సెల్ మీద సిగరెట్ పెట్టె లోపలి వెండి కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. ‘మూడు నెలలు పనిచేసిందండీ’ అన్నాడు, కాస్త గర్వంగానే.

నంబరు సరిగ్గానే ఉంటే, ప్లస్ గుర్తు ఏ వైపు ఉండాలో గూట్లో చూడండి. సెల్‌ను పట్టుకార లాంటి ఇనప వస్తువుతో పట్టుకోకండి, రెండు ముఖాలూ ఒకేసారి తగిలి షార్ట్ అవుతుంది. అంచులు పట్టుకుని పెట్టండి. కొన్ని కంపెనీలు పిల్లలు నోట్లో పెట్టుకోకుండా సెల్‌కు చేదు పూత పూస్తున్నాయి. మంచి పనే. కానీ ఆ పూత సరిగ్గా రేకు తగిలే చోట ఉంటే కొన్ని పరికరాల్లో కరెంటు అందదు. కాస్త స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి పెట్టి చూడండి.

పాత సెల్ ఎక్కడ పెట్టారు? టేబుల్ మీద అయితే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు దాన్ని తీయండి. రిమోట్‌కు చాలని సెల్‌లో కూడా పిల్లల గొంతు కాల్చడానికి సరిపడా శక్తి ఉంటుంది. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. రెండు వైపులా టేపు చుట్టి, అందని చోట పెట్టి, తర్వాత పారేయండి.

మీటరుతో చూస్తే 3.1 వోల్టులు చూపించిందని మీరు రాశారు. ఖాళీగా ఉన్నప్పుడు ముసలి సెల్ కూడా అంతే చూపిస్తుంది. నలుగురిలో నిటారుగా నిలబడి, బరువు ఎత్తమంటే కూలబడే మనిషి లాంటిది అది. మీటరు పుల్లలు పెట్టి ఉంచి అప్పుడు బటన్ నొక్కండి. అంకె కొద్దిగా జారి నిలబడితే మంచిది. 2.5 దాటి కిందికి పోతే, ప్యాకెట్లోంచి తీసింది ఇవాళే అయినా ఆ సెల్ కొత్తది కాదు. షాపు గోడకు ఎన్నేళ్లు వేలాడిందో ఎవరు చూశారు?

ఇంక ఆ ఎర్ర లైటు. చాలామంది మోసపోయేది ఇక్కడే. లైటు వెలిగిందంటే బటన్ తగిలిందనీ, సెల్‌లో కాస్త ప్రాణం ఉందనీ అర్థం. తరంగం బయటికి వెళ్లిందని కాదు. రిమోట్ లోపల ఫ్రీక్వెన్సీని నిలబెట్టే చిన్న క్వార్ట్జ్ ముక్క ఉంటుంది, రిమోట్ గట్టినేల మీద పడితే అది లోలోపల పగలవచ్చు. అప్పుడు లైటు వెలుగుతూనే ఉంటుంది, కారు దాకా ఏదీ చేరదు. తాళాలు చేసేవాళ్ల దగ్గర తరంగం వస్తోందో లేదో, ఏ ఫ్రీక్వెన్సీ మీద వస్తోందో చూపించే చిన్న టెస్టర్ ఉంటుంది, నిమిషం పని. ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కి చూడమని ఎవరో మీకు చెప్పారన్నారు. అది టీవీ రిమోట్‌కు పనికొచ్చే చిట్కా. కారు రిమోట్ పంపేది రేడియో తరంగం, అది ఏ కెమెరాకూ కనిపించదు.

ఇవన్నీ అయ్యాక కూడా పలకకపోతే కీ లోపల పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి, లాక్ బటన్ ఒకసారి నొక్కి, మళ్లీ ఆఫ్ చేసి బయటికొచ్చి చూడండి. సెల్ మార్చాక కొన్ని బండ్లు ఇలా పాత పరిచయం గుర్తు చేయమని అడుగుతాయి. పద్ధతి బండిని బట్టి మారుతుంది, మాన్యువల్లో ఉంటుంది. అప్పటికీ రెండో కీ పనిచేస్తూ, ఇది మాత్రం పనిచేయకపోతే సర్వీస్ సెంటర్ వాళ్ల మాట విందాం.

ప్రశ్న: రిమోట్ దూరం నుంచి పనిచేయడం మానేసింది. గడ్డం కింద ఆనించుకుని నొక్కితే మాత్రం పనిచేస్తోంది. నేనలా చేస్తుంటే మా పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. ఇది నిజమేనా, నా భ్రమా అన్నయ్యా? – ఒక టీచరమ్మ

జవాబు: నిజమేనమ్మా. మన ఒంట్లో నీరు ఎక్కువ. రిమోట్‌ను తలకు ఆనించినప్పుడు ఆ తరంగం తలను కూడా కలుపుకుని, తల ఒక ఏరియల్‌లా పనిచేసి, మరికాస్త దూరం పోతుంది. పెద్ద నీళ్ల సీసాకు ఆనించి నొక్కి చూడండి, అదీ పనిచేస్తుంది, పిల్లలూ నవ్వరు. రిమోట్ పంపే శక్తి చాలా తక్కువ, తలకేమవుతుందో అని టెన్షన్ పడక్కర్లేదు.

కానీ ఇదివరకు వచ్చిన దూరం ఇప్పుడు రావట్లేదంటే మొదటి అనుమానం సెల్ మీదే. సెల్ మార్చినా అంతే ఉంటే, ఈమధ్య కారులో కొత్తగా ఏం పెట్టించారో గుర్తు తెచ్చుకోండి. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చే చవక రకం ఫోన్ చార్జర్లు, డ్యాష్ కెమెరాల వైర్లు రేడియో రొద చేస్తాయి. ఆ రొదలో రిమోట్ గొంతు కారుకు వినబడదు. ఒకరోజు అన్నీ పీకేసి చూడండి. నేను చూసిన ఇలాంటి కేసుల్లో చాలాసార్లు దొంగ చార్జరే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా స్థలంలో ఉన్నప్పుడు రిమోట్ పనిచేయదు. గేటు దాటి రోడ్డు మీదికొస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పక్క స్థలంలో ఉండే ఆయనకూ ఇదే బాధ. ఇద్దరివీ వేర్వేరు కంపెనీల కార్లు.

జవాబు: మీరిద్దరూ మెకానిక్ దగ్గరికి పోయి దండగ. కారూ బాగుంది, రిమోటూ బాగుంది, మధ్యలో గాలి బాగాలేదు. కారు రిమోట్లు ఎక్కువగా వాడే ఫ్రీక్వెన్సీలు రెండు: 433.92 మెగాహెర్ట్జ్, 315 మెగాహెర్ట్జ్. మొదటిది యూరప్‌లో, ఇంకా చాలా దేశాల్లో, రెండోది ఎక్కువగా ఉత్తర అమెరికాలో, జపాన్‌లో. ఆ దారిలో మీ కార్లే కాదు, వైర్ లేని కాలింగ్ బెల్లులు, గేటు రిమోట్లు, ఇంటి అలారాలు, వాతావరణం చూపించే గడియారాలు కూడా తిరుగుతాయి. వాటిలో ఒకదాని బటన్ ఇరుక్కుపోయి ఆపకుండా అరుస్తుంటే చుట్టుపక్కల ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని నార్త్ ఓల్మ్‌స్టెడ్‌లో 2019లో ఇదే జరిగింది. ఒక పేట మొత్తంలో కార్ల రిమోట్లు, గ్యారేజీ తలుపుల రిమోట్లు వారాల తరబడి పనిచేయలేదు. జనం ఏవేవో ఊహించుకున్నారు. తీరా చూస్తే ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్న ఒకాయన తన ఇంట్లో వాడుకోవడానికి సొంతంగా చేసుకున్న చిన్న పరికరం 315 మీద ఆగకుండా ప్రసారం చేస్తోంది. దాన్ని ఆపగానే పేట బాగుపడింది. పాపం, తన వల్లే ఇదంతా అని ఆయనకే తెలియదు.

మీరూ అలాగే వెతకండి. రిమోట్ పనిచేసే చోటి నుంచి మొదలుపెట్టి కారును కొద్దికొద్దిగా సెల్లార్‌లోకి జరుపుతూ, నొక్కుతూ రండి. కారుకు ఆనుకుని నొక్కినా పలకని చోటు ఎక్కడో, దానికి పైన, పక్కన ఎవరి ఇల్లుందో చూడండి. సెల్లార్ గేటు మోటారు రిసీవర్, కొత్తగా పెట్టిన కెమెరాలు, ఎల్ఈడీ లైట్లు కూడా ఒక్కొక్కటే ఆపించి చూడండి. వాచ్‌మన్‌తో స్నేహం ఉంటే పని తేలిక.

ప్రశ్న: అన్నా, లాక్ బటన్ నొక్కితే మూడు తలుపులు ‘టక్’మని పడతాయి. డ్రైవర్ తలుపు మాత్రం పడదు. ఒక్కోరోజు పడుతుంది. అదే తలుపు అద్దం కూడా అప్పుడప్పుడు దిగదు. సెల్ మార్చాను, రిమోట్ కవర్ మార్చాను. – చదువుకుంటున్న కుర్రాడు

జవాబు: తమ్ముడూ, ‘టక్’ గురించి రాసిన ఇద్దరిలో నువ్వొకడివి, అందుకు థాంక్స్. మూడు తలుపులు పడ్డాయంటే రిమోట్ చెప్పింది, కారు వింది. మిగిలింది తలుపే. అద్దం సంగతి కూడా రాశావు చూడు, దానితో కేసు దాదాపు తేలిపోయింది. తాళానికీ అద్దానికీ మోటార్లు వేరు. రెండూ ఒకేసారి చెడవు. రెండూ కలిసి నడిచే దారి ఒక్కటే ఉంది.

తలుపు పూర్తిగా తెరువు. బండికీ తలుపుకీ మధ్య, కీళ్ల దగ్గర, ముడతలు ముడతలుగా నల్లటి రబ్బరు గొట్టం కనిపిస్తుంది. తలుపులోకి పోయే వైర్లన్నీ అందులోంచే పోతాయి. తలుపు తీసిన ప్రతిసారీ, వేసిన ప్రతిసారీ ఆ వైర్లు ఒకేచోట వంగుతాయి. రోజుకు పదిసార్లు అనుకున్నా ఏడాదికి 3,650 సార్లు. డ్రైవర్ తలుపే ముందు పోవడానికి కారణం అదే.

ఎవరినైనా లోపల కూర్చోబెట్టి లాక్ స్విచ్ నొక్కుతూ ఉండమని చెప్పు. నువ్వు ఆ గొట్టాన్ని చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచు. ఏదో ఒక వంపులో ‘టక్’మంటుంది. అప్పుడు గొట్టాన్ని ఒక వైపు గాడిలోంచి జార్చి లోపల చూడు. గమ్మత్తేమిటంటే చాలాసార్లు పైకి ఏమీ కనిపించదు. వైరు తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి తెగి ఉంటుంది. ఒక్కో వైరునూ రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగు. బాగున్నది బిగువుగా ఉంటుంది, తెగింది రబ్బరులా సాగుతుంది. ఆ సాగడం ఒకసారి వేళ్లకు తెలిస్తే ఇక మర్చిపోవు.

దాన్ని మెలిపెట్టి టేపు చుట్టేసే పని మాత్రం చేయకు, ఎవరినీ చేయనివ్వకు. ఆ ముడి మళ్లీ అదే వంపులో ఉంటుంది, రెండు నెలల్లో తిరిగొస్తావు. అదే మందం ఉన్న మెత్తటి వైరు ముక్క కలిపి, అతుకులు రెండూ వంగే చోటికి దూరంగా, ఒకటి బండి వైపు, ఒకటి తలుపు వైపు వచ్చేలా సోల్డర్ చేసి, పైన స్లీవ్ వేయించు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయడం మర్చిపోవద్దు, కొన్ని బండ్లలో ఆ గొట్టంలోనే తలుపు ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా ఉంటాయి. పసుపు రంగు చుట్టు కనిపిస్తే నువ్వు చేయి పెట్టకు, తెలిసినవాళ్లకు వదిలెయ్.

అద్దం బాగా పనిచేస్తూ తాళం ఒక్కటే నీరసంగా ‘గుర్ర్’మంటే అది వేరే కథ. లోపలి మోటారో దాని ప్లాస్టిక్ పళ్లచక్రమో అరిగినట్టు. చాలా బండ్లలో లాక్ సెట్టు మొత్తం మార్చడమే.

ప్రశ్న: మా వారి ప్యాంటు జేబులో రిమోట్ ఉందని చూసుకోకుండా వాషింగ్ మెషీన్‌లో వేసేశాను. బియ్యం డబ్బాలో రెండు రోజులు పెట్టాను. అయినా పనిచేయట్లేదు.

జవాబు: బియ్యం మానేయండమ్మా, అది ఫోన్లనూ బాగుచేయదు, రిమోట్లనూ బాగుచేయదు. రిమోట్‌ను చంపేది నీళ్లు కాదు, సెల్ లోపల ఉండగా నీళ్లు. కరెంటు, నీళ్లు, సబ్బు మూడూ కలిస్తే రాగి గీతల మీద ఆకుపచ్చ చిలుము మొదలవుతుంది. ఈసారి ఇలా జరిగితే, జరగకూడదనే కోరుకుంటున్నాను, మొదటి నిమిషంలో చేయాల్సింది సెల్ తీసేయడం.

ఇప్పటికైనా విప్పి చూడండి. కవర్ అంచున చిన్న గాడి ఉంటుంది, అందులో పలచటిదేదైనా పెట్టి తిప్పితే రెండుగా విడిపోతుంది. బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, పాత టూత్‌బ్రష్‌తో మెత్తగా రుద్దండి. బటన్ల కింద, సెల్ పట్టుకునే రేకుల కింద ఎక్కువ చూడండి. గోళ్లరంగు తీసే ద్రవం వాడకండి, ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. ఒక రోజంతా గాలికి ఆరనిచ్చి, కొత్త సెల్ వేయండి. పాతది మళ్లీ వేయకండి, అది నీళ్లలోనే ఖాళీ అయిపోయి ఉంటుంది.

ఒక సంతోషం. కీ లోపల ఇంజిన్‌కు అనుమతిచ్చే చిప్ వేరుగా ఉంటుంది, దానికి సెల్ అవసరం లేదు. కీ పెట్టి తిప్పితే కారు స్టార్ట్ అవుతోందా? అయితే ఆ చిప్ బతికే ఉంది. అలా స్టార్ట్ అవుతుంటే, కొత్త రిమోట్ కొనాల్సి వచ్చినా తొందరేమీ లేదు. పాతదాన్ని పారేయకుండా తాళాలవాళ్లకు చూపించండి, ఒక్కోసారి చిప్‌ను కొత్త కవర్లోకి మార్చి ఇస్తారు.

ప్రశ్న: మా మనవడు రెండేళ్లవాడు. ఊరెళ్లినప్పుడు రెండు రోజులు రిమోట్ వాడి చేతిలోనే ఉంది, నొక్కుతూనే ఉన్నాడు. తిరిగొచ్చాక కారు దాన్ని గుర్తుపట్టట్లేదు. కొత్త సెల్ కూడా వేశాను. పాడైపోయిందా బాబూ? – రిటైరైన ఇంజినీరు

జవాబు: పాడవలేదు సార్, లెక్క తప్పింది అంతే. మీరు ఇంజినీరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. రిమోట్ ప్రతిసారీ ఒకే సంకేతం పంపదు. పంపితే దొంగ దాన్ని ఒకసారి పట్టుకుని రేపు మళ్లీ వినిపిస్తాడు. అందుకని లోపల ఒక లెక్క నడుస్తుంది, నొక్కినప్పుడల్లా ఒక అంకె ముందుకు జరుగుతుంది, దాన్ని రహస్యంగా మార్చి పంపుతుంది. కారు కూడా అదే లెక్క పెట్టుకుంటుంది. మీవాడు కారు లేని చోట నొక్కిన ప్రతిసారీ రిమోట్ లెక్క ముందుకు పోయింది, కారు లెక్క అక్కడే ఆగింది.

జేబులో నొక్కుకుపోతుందని తయారుచేసేవాళ్లకూ తెలుసు. కీలాక్ అని 1980ల్లో పుట్టి ఎన్నో కార్లలోకి వెళ్లిన ఒక పద్ధతి ఉంది. అందులో సాధారణంగా కారు తన లెక్క కంటే 16 అంకెల ముందు వరకూ ఉంటే మారు మాట్లాడకుండా ఒప్పుకుంటుంది. అది దాటి ఇంకా ముందుకు పోతే మొదటి నొక్కుకు తలుపు తీయదు, కానీ ఆ అంకెను గుర్తుపెట్టుకుంటుంది. వెంటనే దాని తర్వాతి అంకె వస్తే ‘నువ్వేనా, రా’ అని తీస్తుంది. ఈ వెసులుబాటు సుమారు 32 వేల అంకెల దాకా ఉంటుంది. మీ కారు ఏ పద్ధతిదైనా ముందు కారు పక్కనే నిలబడి అన్‌లాక్ బటన్‌ను వరసగా రెండు మూడు సార్లు, ఒక్కోసారి పూర్తిగా వదిలి, నొక్కి చూడండి. అప్పటికీ పలకకపోతే మాన్యువల్లో చెప్పినట్టు మళ్లీ జత చేయాలి. అప్పుడు ఇంట్లో ఉన్న కీలన్నీ వెంట తీసుకెళ్లండి. కొన్ని బండ్లు కొత్తగా జత చేసే సమయంలో అక్కడ లేని కీని మర్చిపోతాయి.

మనవడికి నా ఆశీస్సులు. పాత టీవీ రిమోట్ ఇవ్వండి, సెల్ తీసేసి.

ప్రశ్న: స్టార్ట్ బటన్ ఉన్న కారు. కీ జేబులో ఉంటే హ్యాండిల్ మీద చేయి వేయగానే తెరుచుకోవాలి. ఇప్పుడు తెరుచుకోవట్లేదు. రిమోట్ బటన్ నొక్కితే తెరుచుకుంటోంది.

జవాబు: కీ ఏ జేబులో ఉంది, ఫోన్ ఏ జేబులో ఉంది? రెండూ ఒకే జేబులో ఉంటే విడదీసి చూడండి. తర్వాత కారు సెట్టింగుల్లో ఆ సౌకర్యం ఎవరైనా ఆపేశారేమో చూడండి. రెండూ కాకపోతే ఒక్క తలుపుకేనా, అన్నిటికీనా అన్నది ముఖ్యం. ఒక్కదానికే అయితే ఆ హ్యాండిల్ సెన్సరు పోయింది. అన్నిటికీ అయితే కీ సెల్ మార్చి, తర్వాతే మిగతావి. కారు పిలుపును కీ వినడం ఒక ఫ్రీక్వెన్సీలో, కీ జవాబు చెప్పడం ఇంకో ఫ్రీక్వెన్సీలో జరుగుతుంది. బటన్ పనిచేయడం రెండోది బాగుందని మాత్రమే చెబుతుంది.

ప్రశ్న: రాత్రిపూట రిమోట్ పూర్తిగా చచ్చిపోతే లోపలికెళ్లి స్టార్ట్ చేయడం ఎలా? తాళం పెట్టే రంధ్రమే కనపడదు మా కారుకు.

జవాబు: కనపడదుగానీ ఉంటుంది. ఫాబ్ (అంటే మీ చేతిలో ఉండే రిమోటే) పక్కన చిన్న మీట జరిపితే లోపలి నుంచి ఇనప తాళం చెవి బయటికొస్తుంది. రంధ్రం చాలా బండ్లలో డ్రైవర్ హ్యాండిల్ చివర ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది. ఆ మూతకు అడుగున సన్నటి గాడి ఉంటుంది, తాళం మొన అందులో పెట్టి పైకి లేపండి. ఇలా తెరిస్తే అలారం మోగవచ్చు. కంగారు పడకండి, కారు స్టార్ట్ కాగానే ఆగుతుంది.

స్టార్ట్ చేయడానికి ఫాబ్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి, బ్రేకు తొక్కి, బటన్ నొక్కండి. అంత దగ్గరికి వస్తే లోపలి చిప్‌కు కావలసిన కరెంటు కారే అందిస్తుంది. కొన్ని కార్లలో ఆనించే చోటు స్టీరింగ్ పక్కనో, మధ్యలో ఉన్న అర లోపల కిందనో ఉంటుంది. అది ఎక్కడో మీరు ఇవాళే, పట్టపగలే, మాన్యువల్ తీసి చూసుకుని ఒకసారి ప్రాక్టీసు చేయండి. మూత తీయడం కూడా. మా ఇంటావిడకు ఇది నేర్పుదామని రెండేళ్లు అనుకున్నాను, నేర్పలేదు. సరిగ్గా వాన పడుతున్న రాత్రే ఆమె ఫోన్ చేసింది. ఆ మూత గురించి ఫోన్లో వర్ణించడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ప్రశ్న: స్మార్ట్ కీని (జేబులో ఉంటే చాలు, కారు తెరుచుకునే రకం) అల్యూమినియం రేకులో చుట్టి పెట్టమంటున్నారు. నిజంగా అవసరమా?

జవాబు: దొంగల భయం ఉత్తదేం కాదు. 2011లో జ్యూరిచ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల 10 మోడళ్ల మీద చేసి చూపించారు. ఇంట్లో ఉన్న కీ దగ్గర ఒక పరికరం, కారు దగ్గర ఇంకోటి పెట్టి, కీ పక్కనే ఉందని కారును నమ్మించారు. రహస్య సంకేతం విప్పనక్కర్లేకపోయింది. బటన్ నొక్కి తెరిచే మామూలు రిమోట్‌కు ఈ బెడద లేదు. స్మార్ట్ కీ అయితే రేకు డబ్బాలో మూతపెట్టి ఉంచండి. డబ్బా మంచిదో కాదో తెలుసుకోవడానికి దాన్ని తీసుకుని కారు దగ్గరికెళ్లి హ్యాండిల్ ముట్టుకోండి. తెరుచుకుంటే డబ్బా మార్చండి. ఇంకో లాభం, కారుకు దగ్గర్లో గోడకు వేలాడే కీ కారు పిలుపు విని పదేపదే మేలుకుంటుంది, సెల్ త్వరగా అయిపోతుంది. డబ్బాలో ఆ బాధా ఉండదు.

ప్రశ్న: వాడిన రిమోట్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. చూడ్డానికి అచ్చం నాదే. జత కావట్లేదు.

జవాబు: విప్పి బోర్డు మీద చూడండి. 315 అని ఉండి మీది 433 అయితే ఎన్ని జన్మలెత్తినా కలవదు. అంకె కలిసినా, చాలా కంపెనీల చిప్‌లు ఒకసారి ఒక కారుకు ముడిపడితే ఇంకో కారును ఒప్పుకోవు. కవరు మీ పాతదానికి వాడుకోండి.

ప్రశ్న: రిమోట్‌తో లాక్ తీసి ఇంట్లోకెళ్లి సంచీలు తెచ్చేలోపు కారు తనంతట తనే లాక్ అయిపోతోంది. మా అత్తగారు దిష్టి తీయించమంటున్నారు. వైరింగ్‌లో షార్ట్ ఉందా అన్నగారూ?

జవాబు: ‘ఇండికేటర్లు ఒకసారి వెలిగి టక్‌మంటుంది’ అని కూడా రాశారు, ఆ రెండోవారు మీరే. షార్ట్ అయితే అంత మర్యాదగా ఇండికేటర్లు వేసి చెప్పదమ్మా. లాక్ తీశాక అర నిమిషం లోపు ఒక్క తలుపు కూడా తెరవకపోతే, జేబులో పొరపాటున నొక్కుకుందనుకుని చాలా కార్లు మళ్లీ లాక్ చేసుకుంటాయి. ఎన్ని సెకన్లన్నది బండిని బట్టి ఉంటుంది. తలుపు తెరిచి మూసినా అలాగే పడుతుంటే మాత్రం తలుపు స్విచ్ చూపించాలి, తెరిచినట్టు కారుకు తెలియట్లేదన్నమాట. తలుపు తీసినప్పుడు లోపలి లైటు వెలుగుతోందా, మీటరులో తలుపు గుర్తు వస్తోందా అని ఒకసారి చూడండి. వస్తుంటే ఏ లోపమూ లేదు. లాక్ తీయగానే ఒక తలుపు తెరిచి వేసి, తర్వాత సంచీల కోసం వెళ్లండి. కీ మాత్రం సీటు మీద పెట్టి వెళ్లకండి.